బడి కోసం వెతికితే బండి దొరికింది: ఒక డేటాబేస్ తరలింపులో నా అనుభవం

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ 5.7 వెర్షన్‌కు ఒరాకిల్ సంస్థ ఇచ్చే మద్దతు 2023 అక్టోబరుతో ముగిసింది. గడువు దాటినంత మాత్రాన సర్వర్ ఆగిపోదు, మరునాడు కూడా ఎప్పటిలాగే నడుస్తుంది. కాని ఆ తరువాత బయటపడే భద్రతా లోపాలకు దిద్దుబాట్లు రావు కనుక, ఆడిట్‌కు వచ్చినవారు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. హైదరాబాదులో తెలుగు పుస్తకాలను, పత్రికలను పంపిణీ చేసే ఒక సంస్థకు నేను డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేస్తున్నాను. చందాదారుల చిరునామాలు, ఏజెంట్ల ఖాతాలు, పుస్తకాల జాబితా, బిల్లులు అన్నీ ఒకే సర్వర్‌లో ఉన్నాయి. వాటన్నిటినీ 8.0 వెర్షన్‌కు తరలించే బాధ్యత నాకు అప్పగించారు. ఈ పనిలో యంత్రానికి సంబంధించిన భాగమంతా మాన్యువల్‌లో వివరంగానే ఉంది. ఏళ్ల తరబడి మనుషులు నింపుతూ వచ్చిన సమాచారం గురించి, ఆ సమాచారం మీద ఆధారపడిన ప్రోగ్రాములకు తెలియకుండానే అబ్బిన అలవాట్ల గురించి మాత్రం ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. నా సమయంలో ఎక్కువ భాగం ఈ రెండోదానికే పోయింది.

మైఎస్‌క్యూఎల్ షెల్‌తో పాటు వచ్చే అప్‌గ్రేడ్ చెకర్‌ను ముందుగా నడిపాను. పాత సర్వర్‌ను ఏమీ మార్చకుండా, కొత్త వెర్షన్‌లో ఏవేవి అడ్డు పడతాయో అది జాబితాగా ఇస్తుంది. ర్యాంక్, గ్రూప్స్ అనే మాటలు 8.0లో సర్వర్ తన సొంత వాడుకకు రిజర్వు చేసిన పదాలయ్యాయి కనుక, ఆ పేర్లతో ఉన్న కాలమ్‌లను, పట్టికలను ప్రస్తావించే ప్రతి క్వెరీనీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్ననూ) సరిచేయాలని చెప్పింది. అది విసుగు పుట్టించే పనే గాని కష్టమైన పని కాదు. సున్నాల తేదీలు మాత్రం కొంత కాలం తీసుకున్నాయి. చందా ముగింపు తేదీ ఉండవలసిన చోట ఏడాది, నెల, రోజు అన్నీ సున్నాలే ఉన్న వరుసలు చాలా కనిపించాయి. వాటిని నల్‌గా, అంటే విలువ లేనిదిగా, మార్చమని సాధారణంగా సలహా ఇస్తారు. అయితే మా దగ్గర ఒక ప్రోగ్రాములో సున్నాల తేదీకి అర్థం ‘తేదీ తెలియదు’ అని, మరొక ప్రోగ్రాములో ‘జీవిత చందా’ అని ఉంది. ఒకే గుర్తు రెండు అర్థాలలో నడుస్తున్నప్పుడు, దానిని తీసేసేవారు ముందుగా ఏ వరుసకు ఏ అర్థమో తేల్చుకోవాలి. చందాల విభాగంలోని పెద్దాయన తన రసీదు పుస్తకాలు తీసి కూర్చోకపోయి ఉంటే అది తేలేది కాదు.

చెకర్ చెప్పని అసలు సమస్య వేరే ఉంది. అన్నిటికంటే పాతదైన చందాదారుల పట్టిక లాటిన్1 అనే క్యారెక్టర్ సెట్‌లో (ఏ సంఖ్య ఏ అక్షరమో చెప్పే జాబితాలో) ఉంది, అందులో ఉన్నదేమో తెలుగు. 8.0 రాకముందు మైఎస్‌క్యూఎల్‌లో ఏమీ చెప్పకుండా పట్టిక సృష్టిస్తే వచ్చేది లాటిన్1 కనుక, ఆ రోజుల్లో ఇలా జరగడం వింత కాదు. లాటిన్1లో తెలుగు అక్షరాలకు చోటే లేనప్పుడు ఇన్నేళ్లు ఆ పట్టికలో తెలుగు ఎలా కనబడిందన్నది న్యాయమైన ప్రశ్న. బ్రౌజర్ తెలుగును, అన్ని లిపులకూ చోటున్న యూటీఎఫ్8 పద్ధతిలో, బైట్లుగా (0 నుంచి 255 లోపు సంఖ్యలుగా) పంపుతుంది. పాత పీహెచ్‌పీ ప్రోగ్రాము తన కనెక్షన్ కూడా లాటిన్1 అనే చెబుతుంది కనుక, సర్వర్ ఆ బైట్లను ఏ మార్పూ లేకుండా ఉన్నవి ఉన్నట్టుగా దాచుకుంటుంది. తిరిగి అడిగినప్పుడు అవే బైట్లు వెళతాయి, బ్రౌజర్ వాటిని యూటీఎఫ్8గా చదివి చక్కటి తెలుగు చూపిస్తుంది. లోపలికి పంపేటప్పుడు చెప్పిన అబద్ధమే బయటికి తీసేటప్పుడు కూడా చెబుతారు కనుక లెక్క సరిపోతుంది. నిజం చెప్పే ప్రోగ్రాము ఒకటి, అంటే తన కనెక్షన్ యూటీఎఫ్8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్8 పేరు) అని చెప్పే ప్రోగ్రాము, మొదటిసారి ఆ పట్టికను తెరిచినప్పుడే గుట్టు బయటపడుతుంది.

అప్పుడు తెర మీద కనిపించేదానికి ఒక ముద్ర ఉంటుంది. ప్రపంచ లిపులకు సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన స్థానాలు 128. యూటీఎఫ్8లో వాటిలో ప్రతి ఒక్కటీ మూడు బైట్లు తీసుకుంటుంది. ‘అ’ అనే అక్షరం 224, 176, 133 అనే మూడు సంఖ్యలుగా నిల్వ ఉంటుంది. మొదటి 64 స్థానాలకు ముందు రెండు బైట్లు 224, 176. తరువాతి 64 స్థానాలకు 224, 177. లాటిన్1లో 224 అంటే నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఏ, 176 అంటే ఉష్ణోగ్రతకు వాడే డిగ్రీ గుర్తు, 177 అంటే ప్లస్ కింద మైనస్ ఉన్న గుర్తు. కనుక తెలుగు పేరు చెడిపోయి కనిపించినప్పుడల్లా గీత ఉన్న ఏ, డిగ్రీ, మరొకటి, మళ్లీ గీత ఉన్న ఏ, ప్లస్‌మైనస్, మరొకటి అని ఒక లయలో నడుస్తుంది. ఆ లయ కనిపిస్తే సమాచారం ఇంకా బతికే ఉందని అర్థం. ప్రశ్నార్థకాలు వరుసగా కనిపిస్తే మాత్రం లోపల నిజంగానే ప్రశ్నార్థకాలు ఉన్నాయి. యూటీఎఫ్8ఎంబీ4 అని చెప్పుకున్న కనెక్షన్ నుంచి లాటిన్1 కాలమ్‌లోకి తెలుగు పంపితే, సర్వర్ కఠినమైన మోడ్‌లో లేనప్పుడు అక్షరానికో ప్రశ్నార్థకం రాసుకుని ఊరుకుంటుంది. మధ్యలో ఎవరో రాసిన ఒక చిన్న ప్రోగ్రాము ద్వారా చేరిన చందాదారుల పేర్లు మా పట్టికలో ఇలాగే పోయాయి. ఫోన్ నంబర్లు అంకెలు కనుక చెక్కుచెదరలేదు. చందాల విభాగం వారు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పేర్లు అడిగి రాసుకున్నారు.

బతికి ఉన్నవాటిని బాగుచేయడానికి కూడా దారి చూసుకుని నడవాలి. ‘పట్టికను ఫైలుగా దింపి, టెక్స్ట్ ఎడిటర్‌లో ఎన్‌కోడింగ్ మార్చి, తిరిగి ఎక్కించేద్దాం’ అని మా డెవలపర్లలో ఒకరు సూచించారు. ఇంగ్లీషుకు దగ్గరగా ఉండే భాషలైతే అది చాలావరకు పనిచేస్తుంది. మన లిపికి ఒక చిక్కు ఉంది. మైఎస్‌క్యూఎల్ లాటిన్1 అని పిలిచేది నిజానికి విండోస్ వారి 1252 కోడ్‌పేజీ. అందులో 129, 141, 143, 144, 157 అనే అయిదు బైట్లకు ఏ అక్షరమూ లేదు. మైఎస్‌క్యూఎల్ ఆ అయిదింటినీ పారేయకుండా భద్రంగా ఉంచుతుంది గాని, బయటి పనిముట్లన్నీ అలా ఉంచుతాయన్న హామీ లేదు. మన పొల్లుకు మూడో బైటు 141, ఉకారపు గుర్తుకు 129, ‘ఏ’కు 143, ‘ఐ’కి 144, ‘ఝ’కు 157. ఒక పరీక్షా ఫైలును ఆ దారిలో పంపి చూస్తే, వత్తు ఉన్న ప్రతి చోటా పొల్లు దెబ్బతిన్నది. తెలుగులో పొల్లు లేని పేరు, ఉకారం లేని పేరు ఎన్ని ఉంటాయి?

అందువల్ల సమాచారం సర్వర్ గడప దాటకుండానే మార్పు జరగాలని నిర్ణయించుకున్నాను. నేరుగా పట్టికను యూటీఎఫ్8ఎంబీ4కు కన్వర్ట్ చేయమని ఆదేశిస్తే, సర్వర్ తనకు తెలిసినంతలో నిజాయితీగా పనిచేసి, గీత ఉన్న ఏ ను గీత ఉన్న ఏ గానే, డిగ్రీ గుర్తును డిగ్రీ గుర్తుగానే కొత్త సెట్‌లోకి మార్చి పెడుతుంది, చెత్త శాశ్వతమవుతుంది. దీనికి సరైన పద్ధతి రెండు మెట్లది. మొదట కాలమ్‌ను బైనరీ రకానికి మార్చాలి. అప్పుడు అక్షరాల ఊసు పోయి ఉత్త బైట్లు మిగులుతాయి. తరువాత ఆ బైనరీ కాలమ్‌ను యూటీఎఫ్8ఎంబీ4గా ప్రకటించాలి. అప్పుడు అవే బైట్లు మొదటినుంచీ ఉండవలసిన పేరుతో పిలవబడతాయి. ఏ బైటూ కదలదు.

పరీక్ష సర్వర్ మీద ఈ రెండో మెట్టు దగ్గరే పని ఆగిపోయింది. ఇన్‌కరెక్ట్ స్ట్రింగ్ వాల్యూ అన్న సందేశంతో ఒక వరుస సంఖ్య చూపించింది. ఆ వరుసలో జిల్లా పేరు ఉండవలసిన చోట ‘తూర్పు గోద’ అని, దాని వెనుక ఏమిటో తెలియని రెండు గుర్తులు ఉన్నాయి. ఆ కాలమ్‌ను సృష్టించినవారు జిల్లా పేరుకు 30 అక్షరాలు చాలునని అనుకున్నారు. అది లాటిన్1లో 30 బైట్లు, అంటే తెలుగులో పది గుర్తులు. విశాఖపట్నం సరిగ్గా పది. శ్రీకాకుళం కూడా పదే, ఇవి రెండూ అంచుకు తగిలి నిలబడ్డాయి. ‘తూర్పు గోదావరి’ అని ఖాళీ ఇచ్చి రాస్తే, తూర్పు అన్న మాటకు 18, ఖాళీకి ఒకటి, గో, ద లకు కలిపి 9, మొత్తం 28 అయ్యాక, దీర్ఘపు గుర్తుకు మూడు బైట్లు కావలసిన చోట రెండే మిగిలాయి. పాత సర్వర్ ఆ రెండింటినీ రాసి, మిగతా పేరును వదిలేసి, ఎవరూ చదవని ఒక వార్నింగ్ ఇచ్చి ఊరుకుంది. కొత్త సెట్ సగం అక్షరాన్ని ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. మరి ఖాళీ లేకుండా ‘తూర్పుగోదావరి’ అని కలిపి రాసినవారి జిల్లా పేరు ‘తూర్పుగోదా’ దగ్గర శుభ్రంగా తెగింది. ఇక్కడ అక్షరం మధ్యలో విరగలేదు కనుక సర్వర్‌కు ఏ అభ్యంతరమూ లేదు. విరిగిన వరుసలను సర్వరే పట్టి ఇస్తుంది, శుభ్రంగా తెగిన వరుసలను మనం వెతుక్కోవాలి. సరిగ్గా 30 బైట్ల పొడవున్న విలువలన్నిటినీ జాబితాగా తీస్తే ఇంకొకటి బయటపడింది. ‘మహబూబ్‌నగర్’ పేరులో బకారపు పొల్లు పొల్లుగానే నిలిచి, నకారం కింద వత్తుగా మారకుండా ఉండడానికి మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు, జీరో విడ్త్ నాన్ జాయినర్, వేస్తారు. దానికీ మూడు బైట్లే. అది వేసి రాసినవారి పేరు 33 బైట్లయి, చివరి పొల్లు పోయి, ‘మహబూబ్‌నగర’గా మిగిలింది. ఇన్నేళ్లూ చిరునామా చీటీల మీద అలాగే అచ్చయింది. తపాలా వారు పిన్‌కోడ్ చూసి అందించారు కనుక ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

తెగిన పేర్లను పూరించేటప్పుడు డెవలపర్లకూ నాకూ మధ్య కొంత వాదన జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయి, 2019లో 33 అయ్యాయి. ‘ఎలాగూ మారుస్తున్నాం కదా, కొత్త జిల్లా పేరే పెట్టేద్దాం’ అని వారి వాదన. 533తో మొదలయ్యే పిన్‌కోడ్ చూసి పాత తూర్పు గోదావరి అని చెప్పవచ్చు గాని, ఆ మూడంకెలను బట్టి ఆ చందాదారు ఇప్పుడు కాకినాడ జిల్లాలో ఉన్నారో, కోనసీమలో ఉన్నారో, కొత్త తూర్పు గోదావరిలో ఉన్నారో చెప్పలేము. రాసినవారు ఏమి రాయాలనుకున్నారో అది తిరిగి నిలబెట్టడం ఒక పని. ఈనాటి పరిపాలన ప్రకారం వారిని ఎక్కడ చేర్చాలో నిర్ణయించడం మరొక పని. పాత కాలమ్‌లో పాత పేరు పూర్తిగా ఉంచి, కొత్త జిల్లాకు వేరే కాలమ్ పెట్టి, చందా పునరుద్ధరణ సమయంలో నింపుకుంటూ రావడానికి చివరికి ఒప్పించాను. సమాచారాన్ని దిద్దే అధికారం డేటాబేస్ నడిపేవారికి ఎంత తక్కువగా ఉంటే అంత మంచిదని నా అభిప్రాయం.

ఈ అక్షరాల మార్పును 5.7 మీద ఉండగానే ముగించాము. వెర్షన్ మార్పు, అక్షరాల మార్పు రెండూ ఒకే రాత్రి జరిగితే, తెల్లవారి ఏదైనా తేడా వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో తేల్చడానికి వీలుండదు. దానికీ కొన్ని ఆటంకాలు వచ్చాయి. 255 అక్షరాల కాలమ్ మీద ఉన్న ఇండెక్స్ (వేగంగా వెతకడానికి వాడే సూచిక), అక్షరానికి నాలుగు బైట్ల లెక్కన 1020 బైట్లయి, పాత కాంపాక్ట్ వరుసల పట్టికకు ఉన్న 767 బైట్ల పరిమితిని దాటింది. వరుసల ఫార్మాట్‌ను డైనమిక్‌కు మార్చితే పరిమితి 3072 బైట్లకు పెరుగుతుంది. అక్కడితో అది తీరింది.

అసలైన తికమక ఒక మధ్యాహ్నం జరిగింది. ఒక చిన్న పట్టికకు కాలమ్ మార్చమని ఆదేశం ఇచ్చాను. క్షణాలలో ముగియవలసిన పని కదలకుండా నిలిచిపోయింది. కాసేపటికి ఒక డెవలపర్ పరుగున వచ్చాడు.

“అక్కా, ఏజెంట్ల పేజీ తెరుచుకోవడం లేదు. సర్వర్ పడిపోయిందా?”

సర్వర్ నిక్షేపంగా ఉంది. ప్రాసెస్ జాబితాలో నా ఆదేశం పక్కన, దాని వెనుక నిలబడిన ప్రతి క్వెరీ పక్కన, మెటాడేటా లాక్ (పట్టిక ఆకృతికి వేసే తాళం) కోసం నిరీక్షణ అని ఉంది. ఎవరో తమ క్లయింట్‌లో ఆటోకమిట్ (ప్రతి పనినీ తనంతట ముగించే ఏర్పాటు) తీసేసి, ఆ పట్టిక మీద ఒక సెలెక్ట్ (సమాచారం చదివే క్వెరీ) నడిపి, కమిట్ చేయకుండా భోజనానికి వెళ్లారు. వారి కనెక్షన్ జాబితాలో నిద్రలో ఉన్నట్టు కనబడుతుంది కనుక మొదటి చూపులో అనుమానం రాదు. కాని ఆ ముగియని పని, అంటే ట్రాన్సాక్షన్, తెరిచి ఉన్నంతసేపు పట్టిక ఆకృతి మారడానికి వీల్లేదు. ఆకృతి మార్చే ఆదేశం వరుసలో నిలబడ్డాక, దాని తరువాత వచ్చిన మామూలు సెలెక్ట్‌లు కూడా దాని వెనుకే నిలబడతాయి. ఈ నిరీక్షణకు మైఎస్‌క్యూఎల్ ఇచ్చిన డిఫాల్ట్ గడువు 3,15,36,000 సెకన్లు, అంటే సరిగ్గా ఒక ఏడాది. ఆ సంఖ్యను ఎంచినవారి ఓపికకు దండం పెట్టాలి. నా ఆదేశాన్ని ఆపగానే వెనుక ఉన్నవన్నీ కదిలాయి. ఆకృతి మార్చే ప్రతి స్క్రిప్టులోనూ మొదటి వరుసగా ఆ గడువును కొన్ని సెకన్లకు తగ్గించే ఆదేశం అప్పటినుంచి ఉంటోంది. తాళం దొరకకపోతే స్క్రిప్టే తప్పుకుంటుంది, వెనుక ఎవరినీ ఆపదు.

8.0 పరీక్ష సర్వర్‌ను డెవలపర్లకు ఇచ్చిన వారంలోనే, వారు సృష్టించిన కొత్త పట్టికను పాత పట్టికతో జాయిన్ చేస్తే (కలిపి చదివితే) కొలేషన్లు కలవడం లేదన్న లోపం వచ్చింది. కొలేషన్ అంటే రెండు మాటలు సమానమా, కాకపోతే ఏది ముందు అన్నది తేల్చే నియమావళి. పాత పట్టికలు జనరల్ సీఐ అనే పాత నియమావళిలో ఉన్నాయి, 8.0లో ఏమీ చెప్పకుండా సృష్టిస్తే వచ్చేది 0900 ఏఐ సీఐ. ఏఐ అంటే ఇక్కడ కృత్రిమ మేధ కాదు, అక్షరం మీది చిన్న గుర్తులను పట్టించుకోకపోవడం. సీఐ అంటే ఇంగ్లీషు పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడకపోవడం. ‘అన్నీ కొత్తదానికే మార్చేద్దాం అక్కా, అదే డిఫాల్ట్ కదా’ అన్నారు. నకలు మీద మార్చి చూశాము. ఏజెంట్ల ఊళ్ల పట్టికలో డూప్లికేట్ ఎంట్రీ అని వచ్చింది. కనబడని గుర్తు వేసిన మహబూబ్‌నగర్, వేయని మహబూబ్నగర్ పాత నియమావళికి రెండు ఊళ్లు, కొత్త నియమావళికి ఒకటే ఊరు. ఇది మాకు మేలే చేసింది. ఏళ్లుగా రెండు ఖాతాలుగా విడిపోయి ఉన్నవి కలిశాయి. అయితే ఆ సాయంత్రమే పుస్తకాల జాబితాలో ‘బడి’ అన్న పేరు కోసం వెతికిన అమ్మాయికి ‘బండి’ కూడా వచ్చింది. యూనికోడ్ వారి సాధారణ వరుసక్రమంలో సున్నకు (అనుస్వారానికి) సొంత ప్రాథమిక విలువ లేదు; ఏఐ నియమావళి ప్రాథమిక విలువలనే చూస్తుంది. ఫ్రెంచి అక్షరాల మీది గీతను వదిలేసినట్టుగానే మన సున్నను కూడా వదిలేసింది. ఫ్రెంచివారికి అది ఎంత సమ్మతమో నాకు తెలియదు గాని, మనకు బడి, బండి ఒకటి కావు. పడి, పండి ఒకటి కావు.

ఒకచోట సమానమనాలి, మరొకచోట వేరనాలి. దీనికి సరిపోయే నియమావళి అదే కుటుంబంలో ఉంది: 0900 ఏఎస్ సీఐ. అది ద్వితీయ విలువలను, అంటే చిన్న గుర్తుల తేడాలను, కూడా చూస్తుంది కనుక సున్న తేడా పట్టుకుంటుంది. కనబడని గుర్తుకు ఏ స్థాయిలోనూ విలువ లేదు కనుక దానిని పట్టించుకోదు. ఇంగ్లీషు ఈమెయిల్ చిరునామాలలో అక్షరాల పరిమాణం తేడాను కూడా చూడదు. మా తెలుగు కాలమ్‌లన్నిటికీ దానినే పెట్టాము. మైఎస్‌క్యూఎల్‌లో తెలుగుకంటూ ప్రత్యేకమైన కొలేషన్ లేదు. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో యూనికోడ్ వారి ఐసీయూ లైబ్రరీ ద్వారా ఉంది. ఈ ఒక్క విషయంలో నాకు అటువైపు అసూయ.

0900 కుటుంబానికి మరో లక్షణం ఉంది. పాత నియమావళులు మాట చివరి ఖాళీలను లెక్కచేయవు, కొత్తవి లెక్కచేస్తాయి. ఎక్సెల్ షీట్ల నుంచి ఎక్కించిన ఏజెంట్ కోడ్‌లలో చాలావాటికి చివర ఒక ఖాళీ అంటుకుని ఉంది, ఇన్నాళ్లూ అది ఎవరికీ తెలియలేదు. పరీక్ష సర్వర్‌లో ఆ ఏజెంట్లు మాయమయ్యారని కబురు వచ్చింది. కోడ్ పొడవును, ఖాళీలు తీసేశాక ఉన్న పొడవును పోల్చి చూపిస్తే గాని ఎవరూ నమ్మలేదు. ఖాళీలను కోసేసి, ఎక్కించే ప్రోగ్రాములోనే కోత పెట్టించాను.

ప్రోగ్రాముల అలవాట్లలో మమ్మల్ని ఎక్కువగా తిప్పలు పెట్టినది గ్రూప్ బై, అంటే వరుసలను గుంపులుగా కూర్చమనే ఆదేశం. 5.7లో గ్రూప్ బై చేస్తే ఫలితాలు ఆ కాలమ్ వరుసలోనే వచ్చేవి, 8.0లో ఆ సౌకర్యం తీసేశారు. వరుస కావాలంటే ఆర్డర్ బై అని అడగాలి, న్యాయంగా ఎప్పుడూ అడగవలసిందే. జిల్లావారీ అమ్మకాల నివేదికలో అనంతపురం గుంటూరు తరువాత వచ్చిందని, లెక్కల్లో తేడా ఉందేమోనని అకౌంట్స్ విభాగం వారు కంగారుపడ్డారు. మొత్తాలు సరిగ్గానే ఉన్నాయి. అయితే మరొక ప్రోగ్రాము, వచ్చిన వరుసల్లో మొదటిదానిని మొదటి నెలగా భావించి, దాని ఆధారంగా బాకీ లెక్కిస్తోంది. అది పరీక్షలోనే బయటపడడం అదృష్టం. గ్రూప్ బై ఉండి ఆర్డర్ బై లేని ప్రతి క్వెరీనీ కోడ్ అంతా గాలించి తీసి, ఒక్కొక్కదానికీ వరుస అవసరమో కాదో డెవలపర్ల చేతనే రాయించాను. వారికి అది శిక్షలా తోచింది. కాని ఆ క్వెరీ ఎందుకు రాశారో వారికి తెలిసినట్టు నాకు తెలియదు కదా.

బిల్లుల పేజీ ఒక్కటి ఉన్నట్టుండి నెమ్మదించింది. ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీ ఎలా నడుస్తుందో చూపే ఆదేశం) తీసి చూస్తే, ఇండెక్స్ ఉన్న పట్టికను కూడా మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదువుతోంది. ఒక పట్టిక మూడు బైట్ల పాత యూటీఎఫ్8లోనే ఉండిపోయింది. జాయిన్ చేసే ప్రతిసారీ దాని కాలమ్‌ను నాలుగు బైట్లకు మార్చి పోల్చాలి కనుక ఇండెక్స్ అక్కరకు రాలేదు. ఆ పట్టికనూ మార్చగానే పేజీ మామూలైంది.

తరలింపు రాత్రి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 8.0కు ఎక్కిన డేటాను తిరిగి 5.7కు దింపే మార్గం లేదు కనుక, పాత సర్వర్‌ను అక్కడికక్కడే అప్‌గ్రేడ్ చేయలేదు. 5.7 నుంచి 8.0కు రెప్లికేషన్ (మార్పులన్నీ ఎప్పటికప్పుడు నకలుకు చేరే ఏర్పాటు) పెట్టి, రెప్లికా పూర్తిగా అందుకున్నాక, ప్రోగ్రాములన్నిటినీ దానివైపు తిప్పాము. పాతదాన్ని అలాగే ఉంచాము. అంతకుముందు బ్యాకప్ నుంచి ఒక ఖాళీ యంత్రం మీద మొత్తం డేటాబేస్ తిరిగి నిలబెట్టి, కొన్ని పట్టికల్లో తెలుగు పేర్లను బైట్లతో సహా పోల్చి చూశాను. వరుసల సంఖ్య సరిపోయినంత మాత్రాన లోపల అక్షరాలు సరిగ్గా ఉన్నాయని అనుకోలేము.

మరునాడు ఒక్క ఫిర్యాదు వచ్చింది. బిల్లింగ్ ప్రోగ్రాముకు కొత్తగా సృష్టించిన యూజర్‌తో కనెక్షన్ కుదరలేదు. 8.0లో కొత్త యూజర్లకు పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి మారింది; ఆ ప్రోగ్రాములోని పాత కనెక్టర్‌కు (డేటాబేస్‌తో కలిపే భాగానికి) కొత్త పద్ధతి తెలియదు. ఆ ఒక్క యూజర్‌కు పాత నేటివ్ పద్ధతినే కేటాయించాము. అది ఎల్లకాలం నడిచే ఏర్పాటు కాదు. 8.0కు కూడా 2026 ఏప్రిల్‌తో గడువు. దాని తరువాతి దీర్ఘకాలిక వెర్షన్ 8.4లో ఆ పాత పద్ధతి డిఫాల్ట్‌గా ఆపివేసి ఉంటుంది, 9.0లో పూర్తిగా తీసేశారు. అందువల్ల బిల్లింగ్ ప్రోగ్రాము కనెక్టర్‌ను మార్చమని డెవలపర్లకు రాసి ఇచ్చాను. అది మారిన తరువాతే 8.4 పరీక్ష సర్వర్‌ను తెరుస్తాను.